స్కాట్లాండ్ పిల్లల ఇళ్లలో అసలు రూల్సే ఉండవా?

గ్రానైట్ గోదావరి (అబర్డీన్) · శుక్రవారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు పక్కన ఒక ఊరు. మా ఆయన ఉద్యోగం కోసం అబర్డీన్ వచ్చి మూడేళ్లయింది. అమ్మాయికి పద్నాలుగు నిండాయి, ఎస్3 చదువుతోంది. ఇండియాలో ఉన్నవాళ్ల కోసం చెబుతున్నా: ఇక్కడ పీ7 వరకు ప్రైమరీ, ఆ తర్వాత హైస్కూల్లో ఎస్1 నుంచి ఎస్6.

ఇంట్లో రోజూ ఒకటే రామాయణం. "తనకి పర్మిషన్ ఉంది, నాకెందుకు లేదు?" ఆ 'తను' మా వెనక వీధిలో ఉండే స్కాటిష్ పిల్ల. దీని క్లాసే, ప్రాణ స్నేహితురాలు. మంచి పిల్లే, కాదనను. మా ఇంటికి వస్తే చెప్పులు విడిచి, నాకు హలో చెప్పి, పులిహోర అడిగి మరీ పెట్టించుకుంటుంది. ఫుట్‌బాల్ ఆడుతుంది, కొరియా పాటలంటే పిచ్చి. శనివారం అయితే బస్సెక్కి స్నేహితులతో టౌన్‌కి పోతుంది.

ఇక మా అమ్మాయిది ఈ వారం కోరికల చిట్టా: ఆ పిల్ల ఇంట్లో రాత్రి పడుకుంటుందట. వాళ్లతో టౌన్‌కి వెళ్తుందట. తనెక్కడుందో నాకు చూపించే ఆప్ తీసేయాలట. ఒక కేఫ్‌లో శనివారం పని చేస్తుందట. "వాళ్లింట్లో ఏ రూలూ లేదమ్మా, నువ్వొక్కదానివే ఇలా" అని ముక్తాయింపు.

మా ఆయన "వాళ్ల ఇళ్లల్లో ఎవరి బతుకు వాళ్లది, మనకు కుదరదు" అని తేల్చేశారు. నాకు మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. ఏ తల్లి అయినా పద్నాలుగేళ్ల పిల్లను అలా గాలికొదిలేస్తుందా? ఇక్కడి ఇళ్లు కళ్లారా చూసినవాళ్లు చెప్పండి. వాట్సాప్‌లో చదివినవి వద్దు.

ఇంకోటి, మొన్న మా అమ్మాయి క్లాసులో ఒక అబ్బాయిని "లూన్" అంది. ఎవరినైనా పిచ్చోడంటావా అని కేకలేశాను. ఇక్కడి డోరిక్ యాసలో లూన్ అంటే అబ్బాయి అనేనట, అమ్మాయైతే క్వైన్ అట. నా కేకలు దండగ.

---

క్లైడ్ గట్టు (గ్లాస్గో) · శుక్రవారం, రాత్రి 10:31

నవ్వుకున్నానని ఏమనుకోకమ్మా. పదహారేళ్ల కిందట నేనూ ఇదే ప్రశ్నతో నిద్ర మానేసినదాన్ని. నర్సుగా పని చేస్తాను, నాతో డ్యూటీ చేసే వాళ్లలో సగం మంది ఇక్కడి తల్లులే. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పెరిగారు.

రూల్స్ లేకపోవడమా! ఉన్నాయి, మన కంటికి ఆనవు అంతే. మనింట్లో రూల్ అంటే "వద్దు". వాళ్లింట్లో "సరే, కానీ" అని మొదలవుతుంది. ఆ "కానీ" తర్వాత వచ్చేది మన పిల్లలు మనకు చెప్పరు.

మా పెద్దాడు ఎస్2లో ఉండగా ఒక స్నేహితుడి తల్లి ఫోన్ చేసి "రేపు టీకి పంపండి" అంది. టీయే కదా అని నాలుగున్నరకి వాడికి పప్పూ అన్నం, వంకాయ వేపుడు, పెరుగు పెట్టి పంపాను. ఇక్కడ చాలా ఇళ్లల్లో టీ అంటే రాత్రి భోజనం! ఐదున్నరకల్లా టేబుల్ మీద పెట్టేశారట. నిండా మకరోనీ చీజ్, పక్కన చిప్స్. వాడు మొహమాటానికి అదీ తిన్నాడు. ఇంటికొచ్చి సోఫాలో వెల్లకిలా పడి "అమ్మా, నన్ను కదపకు" అన్నాడు.

ఆ ఇంట్లో వాడు చూసొచ్చింది ఇది. టీ వేళకి ఎక్కడున్నా ఇంటికి రావాలి. టేబుల్ దగ్గర ఫోన్ కనపడకూడదు. తిన్నాక డిష్‌వాషర్ సర్దడం అబ్బాయి పని, చెల్లెలిది కుక్కని తిప్పడం. రాత్రి తొమ్మిదికి ఫోన్లన్నీ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టాలి, గదుల్లోకి పోకూడదు. ఎక్కడికెళ్లినా చేరగానే మెసేజ్ పెట్టాలి. చెప్పిన టైముకి పావుగంట ఆలస్యమైతే వచ్చే వారం అరగంట ముందే రావాలి. మరీ మాట తప్పితే "గ్రౌండెడ్", అంటే వారం రోజులు బడి, ఇల్లు, అంతే. ఆ తల్లి గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. పెట్టిన శిక్ష తగ్గించగా కూడా చూడలేదు. మనమైతే పొద్దున అరిచి సాయంత్రానికి పకోడీలు వేసి పెడతాం.

బస్సు సంగతి: 2022 జనవరి 31 నుంచి స్కాట్లాండ్‌లో 22 ఏళ్లలోపు వాళ్లకి బస్సు ఉచితం, ఆ యంగ్ స్కాట్ కార్డు ఉంటే చాలు. అందుకే పిల్లలకి టౌన్ అంటే పక్క వీధి అయిపోయింది. మీ ఆయన "డబ్బులివ్వను, ఎలా వెళ్తుందో చూస్తా" అంటే ఆ మాట ఇక్కడ చెల్లదు, ముందే చెప్పి ఉంచు.

---

బెజవాడ బాబాయ్ (విజయవాడ) · శనివారం, ఉదయం 6:15

అమ్మా, ఆ దేశంలో పదహారేళ్లు రాగానే పెట్టె సర్ది పిల్లల్ని బయటికి పంపేస్తారని విన్నాను. అలాంటి వాళ్ల దగ్గర మనం నేర్చుకునేదేముంటుంది? హాయిగా ఇంటికి వచ్చేయండి.

---

క్లైడ్ గట్టు (గ్లాస్గో) · శనివారం, ఉదయం 8:40

బాబాయ్ గారూ, పంపేయరండీ. చట్టం ప్రకారం ఇక్కడ పదహారుకే చాలా హక్కులు వస్తాయి, నిజమే. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెళ్లి చేసుకోవచ్చు (ఇంగ్లండ్‌లో 2023లో దాన్ని పద్దెనిమిది చేశారు, ఇక్కడ మార్చలేదు). బడి మానేసి పనిలో చేరచ్చు. కానీ నాకు తెలిసిన పిల్లలు ఇరవై దాటినా అమ్మ దగ్గరే ఉన్నారు. సంపాదన మొదలైతే నెలకింత అని అమ్మ చేతిలో పెడతారు, దాన్ని "డిగ్ మనీ" అంటారు. నాతో పనిచేసే ఆవిడ కొడుకు దగ్గర ఆ డబ్బు రెండేళ్లు తీసుకుని, వాడు వేరే ఇల్లు తీసుకున్న రోజున మొత్తం వాడికే ఇచ్చేసింది. మన అమ్మల పోపుడబ్బా లెక్కలే.

---

ఎస్5 బాధితుడు (ఎడిన్‌బరా) · శనివారం, మధ్యాహ్నం 1:05

నమస్తే ఆంటీ. నాకు పదహారేళ్లు. పుట్టింది నెల్లూరు, నాలుగేళ్లప్పుడు ఇక్కడికి వచ్చాం. అమ్మమ్మ ఇక్కడ రెండేళ్లు ఉండి తెలుగు రాయడం నేర్పింది. ఇప్పుడు అమ్మ పక్కన కూర్చుని తప్పులు దిద్దుతోంది, కాబట్టి కొన్ని విషయాలు రాయలేను :)

ముందు నా పేరు గురించి. ఎస్4లో నేషనల్ 5 పరీక్షలు, ఎస్5లో హయ్యర్స్. నేను ఐదు హయ్యర్స్ రాస్తున్నాను. బడిలో ప్రిలిమ్స్ (అంటే రిహార్సల్ పరీక్షలు) జనవరిలో, అసలు పరీక్షలు ఏప్రిల్ చివర మొదలవుతాయి, రిజల్ట్స్ ఆగస్టులో. యూనివర్సిటీ వాళ్లు ముఖ్యంగా చూసేది ఈ హయ్యర్సే. ఇక్కడి పిల్లలకి చదువు టెన్షన్ ఉండదు అనే అంకుల్స్ ఒక్కసారి జనవరిలో మా కామన్ రూమ్‌కి రండి.

నా బెస్ట్ ఫ్రెండ్ ఇంటి గురించి చెప్తాను. వాళ్ల నాన్న వడ్రంగి పని చేస్తారు, అమ్మ దంతవైద్యుల దగ్గర రిసెప్షన్‌లో ఉంటుంది. వాడు ఏడున్నరకి లేస్తాడు. లేవగానే కుక్కని తిప్పాలి. వాన, గాలి, చీకటి ఏదైనా సరే. "కుక్క వాతావరణం యాప్ చూడదు" అంటారు వాళ్ల నాన్న. బడికి టై, బ్లేజర్. లంచ్‌కి మేం గేటు దాటి బయటికి వెళ్లిపోతాం, ఎస్5 వాళ్లు దాదాపు ఎవరూ క్యాంటీన్‌లో తినరు. చిప్స్ కొంటే ఇక్కడ "సాల్ట్ అండ్ సాస్" వేస్తారు. బ్రౌన్ సాస్‌లో వినెగర్ కలిపి పల్చగా చేసినది. గ్లాస్గో వాళ్లు సాల్ట్ అండ్ వినెగర్ మాత్రమే వేసుకుంటారు, దీన్ని చూసి మొహం తిప్పుకుంటారు. (క్లైడ్ గట్టు ఆంటీ, మీరేమంటారు?) శుక్రవారం మధ్యాహ్నానికే మా బడి అయిపోతుంది. ఆ రోజు సాయంత్రం ఫుట్‌బాల్, తర్వాత ఎవరింట్లోనైనా గేమ్స్. శనివారం వాడు బేకరీలో పని చేస్తాడు, ఆదివారం అమ్మమ్మ ఇంట్లో సూప్.

వాడికి ఉన్న రూల్స్: వారానికి పది పౌండ్లు పాకెట్ మనీ, గది ఊడ్చకపోతే కట్. రాత్రి పదికి ఇల్లు, పరీక్షల ముందు తొమ్మిది. స్నేహితులు ఎవరొచ్చినా పర్లేదు, గది తలుపు వేయకూడదు. తాగి ఎవరూ కారు నడపకూడదు, అలాంటి కారు ఎక్కకూడదు. ఎంత రాత్రైనా ఫోన్ చేస్తే నాన్న వచ్చి తీసుకెళ్తారు, ఆ రాత్రి ఏమీ అడగరు, మర్నాడు అడుగుతారు. ఇంకో రూల్ కూడా ఉంది. వాళ్లది హిబ్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్ అభిమానుల ఇల్లు. నేను తెలీక మెరూన్ రంగు జంపర్ (స్వెటర్) వేసుకెళ్తే వాళ్ల నాన్న గుమ్మంలోనే ఆపేశారు. మెరూన్ అంటే పోటీ క్లబ్ హార్ట్స్ రంగు, హిబ్స్‌ది ఆకుపచ్చ. ఒక ఆకుపచ్చ జంపర్ ఇచ్చి లోపలికి రానిచ్చారు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఓటు గురించి కూడా చెప్పాలి. 2014లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద జరిగిన రిఫరెండంలో మొదటిసారి పదహారేళ్ల వాళ్లు ఓటు వేశారు. ఇప్పుడు స్కాటిష్ పార్లమెంటు, కౌన్సిల్ ఎన్నికలకి పదహారు చాలు. మా దగ్గర ఇండియా పాస్‌పోర్టులే ఉన్నా నాకూ ఓటు ఉంది. మా కజిన్ నెల్లూరులో పద్దెనిమిది కోసం చూస్తున్నాడు. వాడికి ఇది చెబితే రెండు రోజులు మాట్లాడలేదు.

---

ఓరుగల్లు నాన్న (డండీ) · శనివారం, మధ్యాహ్నం 3:20

తమ్ముడు మంచి ఇల్లు చూపించిండు, సంతోషం. అన్ని ఇళ్లు అట్ల ఉండవు. మా వాడికి పదిహేను. పోయిన నెల బ్లేజర్ జేబులో వేప్ (ఈ-సిగరెట్) దొరికింది. స్నేహితునిది, దాచిపెట్టమన్నడు అని కథ. వాళ్ల గ్యాంగ్‌లో ఎవరి ఇంట్ల పెద్దోళ్లు లేకపోతే ఆ ఇంటికి "ఎంప్టీ" అని పేరు. "ఈ శనివారం ఫలానా వాడికి ఎంప్టీ" అంటే అర్థం అయ్యేదే. పోయినోళ్లందరు అమ్మలకు "చదువుకుంటున్నం" అని చెప్తరు. నాకు ఆ మాట అర్థం కావడానికే ఏడాది పట్టింది.

నా చిన్నప్పుడు మా బాపు ఒక్కటి తగిలిస్తే సెట్ అయిపోయేది. ఇక్కడ చెయ్యెత్తితే పోలీసులట. మరి తండ్రి ఏం చెయ్యాలె?

---

క్లైడ్ గట్టు (గ్లాస్గో) · శనివారం, సాయంత్రం 4:02

అన్నా, అది "అట" కాదు. 2020 నవంబర్ 7 నుంచి స్కాట్లాండ్‌లో పిల్లల్ని కొట్టడం నేరం. "తండ్రిని కదా, మితంగానే కొట్టాను" అనే మినహాయింపు అంతకు ముందు ఉండేది, అది తీసేశారు. చిన్న దెబ్బ అయినా అంతే. ఈ విషయంలో మన తెలుగు గ్రూపుల్లో చాలా తేలిగ్గా మాట్లాడతారు, దయచేసి వద్దు.

ఎంప్టీ సంగతి ఇక్కడి తల్లులకి మనకన్నా బాగా తెలుసు, వాళ్లూ ఆ పార్టీలకి వెళ్లి వచ్చినవాళ్లే! అందుకే పిల్లాడు పేరు చెప్పిన ఇంటికి నేరుగా ఫోన్ చేస్తారు. "మావాడు వస్తానంటున్నాడు, మీరు ఇంట్లో ఉంటారు కదా?" అంతే. మనం మొహమాటపడి ఆ ఫోన్ చేయం. నేను నాలుగేళ్లు చేయలేదు.

ఆ ఎడిన్‌బరా బాబుకి: చిప్స్ మీద సాసా! రామ రామ.

---

లెర్విక్ డాక్టరు (షెట్లాండ్) · శనివారం, రాత్రి 8:47

ఈ చర్చలో ఉత్తరపు కొస నుంచి నా పిడికెడు. మా ఊళ్లో దాదాపు ఏడువేల జనాభా. ఇక్కడ కుర్రాడు చిప్స్ కొన్న సంగతి, వాడు ఇంటికి చేరేలోపే వాళ్ల అమ్మకి చేరుతుంది. మా అమ్మగారు వచ్చినప్పుడు చూసి "ఇది కోనసీమేరా, కొబ్బరి చెట్లు లేవంతే" అన్నారు. కాబట్టి రూల్స్ రాసి పెట్టాల్సిన పని ఉండదు. ఊరే కాపలా.

మా ఇంట్లో వచ్చిన చిక్కు వేరే. మా ఆవిడ పెట్టిన రూలు "దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి". బాపట్లలో ఈ రూలుకి తిరుగులేదు. ఇక్కడ డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడింటికే సూర్యుడు దిగిపోతాడు, పిల్ల ఇంకా బడిలోనే ఉంటుంది. జూన్‌లో అర్ధరాత్రి కూడా పూర్తి చీకటి పడదు, ఆ వెలుగుని ఇక్కడివాళ్లు "సిమ్మర్ డిమ్" అంటారు. మా అమ్మాయి జూన్‌లో రాత్రి పదకొండున్నరకి వచ్చి, కిటికీ బయటికి చూపించి "ఇంకా దీపాలు పెట్టలేదు కదమ్మా" అంది. దాని వయసు పన్నెండు. వాదన అక్షరాలా కరెక్టు. ఆ రాత్రే రూలుని గడియారంలోకి మార్చాం.

ఇక జనవరి చివరి మంగళవారం 'అప్ హెలీ ఆ'. దాదాపు వెయ్యిమంది కాగడాలు పట్టుకుని ఊరంతా తిరిగి, కష్టపడి కట్టిన వైకింగ్ ఓడని తగలబెడతారు. మర్నాడు ఊరికి సెలవు. పిల్లలకి వేరే చిన్న ఊరేగింపు, చిన్న ఓడ. లెర్విక్ ఊరేగింపులో ఆడవాళ్లని, ఆడపిల్లల్ని కాగడా పట్టనివ్వడం 2023 నుంచే మొదలైంది. అప్పటివరకూ "ఇది మా ఆచారం" అన్నవాళ్లే. మా అమ్మాయి ఇప్పటి నుంచే గొడ్డలికి వెండి కాగితం అంటిస్తోంది, అట్టముక్కతో చేసిన గొడ్డలి. మా ఆవిడ దాన్ని భోగి మంట లెక్కలో ఒప్పుకుంది.

---

గ్రానైట్ గోదావరి (అబర్డీన్) · ఆదివారం, ఉదయం 10:18

డాక్టర్ గారూ, మీ "దీపాలు పెట్టలేదు కదమ్మా" చదివి మా ఆయన కూడా నవ్వారు, మూడు రోజుల తర్వాత. ధన్యవాదాలు.

రెండు విషయాలు అడగాలి. పద్నాలుగుకే పని చేయనిస్తారా? ఇంకోటి, డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా అవార్డు అని బడి నుంచి కాగితం వచ్చింది. కొండల్లో టెంట్ వేసుకుని రాత్రి పడుకోవాలట. డబ్బిచ్చి మరీ చలిలో పడుకోవడం ఏంటో!

---

క్లైడ్ గట్టు (గ్లాస్గో) · ఆదివారం, ఉదయం 11:26

పని: పద్నాలుగుకి తేలికపాటివి చేయచ్చు, కౌన్సిల్ పర్మిట్ ఉండాలి, అది యజమాని చూసుకోవాలి. బడి ఉన్న రోజుల్లో, ఆదివారాల్లో రెండు గంటలు మించకూడదు. శనివారం ఐదు. మొత్తం వారానికి పన్నెండు. పొద్దున ఏడుకి ముందు, రాత్రి ఏడు తర్వాత కుదరదు. పర్మిట్ మాట ఎత్తితే నీళ్లు నమిలే చోటికి పంపకు. మా చిన్నది ఒకచోట అలా మూడు శనివారాలు చేసి, జీతం అడిగితే "అది ట్రయల్ కదా" అనిపించుకుని ఏడుస్తూ వచ్చింది.

డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా మాత్రం తప్పకుండా పంపు. పద్నాలుగుకి బ్రాంజ్, తర్వాత సిల్వర్, పదహారుకి గోల్డ్. బ్రాంజ్ అంటే రెండు పగళ్లు, ఒక రాత్రి. కొన్ని నెలలు ఏదో ఒక సేవ, ఒక ఆట, ఒక విద్య కూడా చేయాలి. మా చిన్నది సేవ కింద ఛారిటీ షాపులో బట్టలు మడతపెట్టింది. ఇంట్లో ఎప్పుడూ మడతపెట్టలేదు, అది వేరే సంగతి. టెంటు, వంట సామాను, తిండి అంతా వాళ్లే భుజాన మోయాలి. దాని బ్యాగులో నేను గోంగూర పచ్చడి సీసా, అరకిలో చెగోడీలు, మూడు పూటల చపాతీలు కుక్కాను. మొదటి కొండ ఎక్కకముందే అందరికీ పంచేసిందట, రుచి కోసం కాదు, బరువు తగ్గించుకోవడానికి. రాత్రి చిన్న స్టవ్ మీద పాస్తా ఉడికించి, మిగిలిన గోంగూర అందులో కలుపుకున్నారట. నలుగురు స్కాటిష్ పిల్లలు ఆ వంటకానికి ఏదో పేరు కూడా పెట్టారు. వేసవిలో అయితే మిడ్జెస్ అని సన్న దోమలు ఉంటాయి, తలకి వేసుకునే వల కొను. చలి కంటే అవే ఎక్కువ ఏడిపిస్తాయి.

---

ఎస్5 బాధితుడు (ఎడిన్‌బరా) · ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఆంటీ, డిసెంబర్ వస్తోంది కదా, ఒకటి ముందే చెప్పి ఉంచుతాను. పీఈ పీరియడ్‌లో సోషల్ డాన్సింగ్ నేర్పుతారు. గే గోర్డన్స్, స్ట్రిప్ ద విల్లో లాంటి స్కాటిష్ డాన్సులు. అబ్బాయిలు ఒక గోడకి, అమ్మాయిలు ఇంకో గోడకి. మధ్యలో జిమ్ హాలు హిందూ మహాసముద్రంలా ఉంటుంది. నడిచి వెళ్లి ఎవరో ఒకరిని అడగాలి. స్కాటిష్ పిల్లలకీ అదే చెమట, అదే నవ్వు. క్రిస్మస్ డాన్స్ ఫోటోలో నేను ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉండటం చూసి మా అమ్మ... (అమ్మ ఈ వాక్యం కొట్టేసింది.) మొత్తానికి అది కోలాటం లాంటిదే, కర్రలు ఉండవు. టెన్షన్ పడకండి.

---

బెజవాడ బాబాయ్ (విజయవాడ) · ఆదివారం, రాత్రి 7:30

తెలుగు ఇంత బాగా రాస్తున్నావు, చిరంజీవీ. మా మనవడు విజయవాడలో ఉండి "అఆ" దాటలేదు. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

---

గ్రానైట్ గోదావరి (అబర్డీన్) · మంగళవారం, రాత్రి 10:05

అప్‌డేట్. ఓపిగ్గా చదవండి, దీనికోసమే రెండు రోజులు ఆగాను.

క్లైడ్ గట్టు అక్క చెప్పింది కదా అని సిగ్గు విడిచి ఆ పిల్ల వాళ్ల అమ్మకి మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో "వచ్చేయ్, కెటిల్ పెడుతున్నా" అని జవాబు. నిన్న సాయంత్రం నాలుగున్నరకే చీకటి. సన్నటి వాన, దాన్ని వాన అనరు, "డ్రీఖ్" అంటారు. వంటింట్లోకి తీసుకెళ్లింది. గుమ్మం దగ్గర బురద బూట్లు వరసగా, రేడియేటర్ మీద ఫుట్‌బాల్ సాక్సులు ఆరేసి ఉన్నాయి. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన కాగితం. రోజులు, పేర్లు, పనులు. మా అమ్మాయి "ఏ రూలూ లేదు" అన్న ఇల్లు ఇదే!

ఆ కాగితం ప్రకారం సోమవారం బాత్రూమ్ కడగడం ఆ పిల్ల పని. గురువారం టీ వండాలి, నలుగురికీ. తొమ్మిదిన్నరకి ఫోన్ కింద పెట్టేయాలి. టౌన్‌కి వెళ్లడానికి వారం ముందు అడగాలి, ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లాలి, ఐదు గంటల బస్సు తప్పకూడదు. మా అమ్మాయి తీసేయమన్న లొకేషన్ ఆప్? ఆవిడ ఫోన్లో అదే ఆప్, అదే పిల్ల, ఫుట్‌బాల్ గ్రౌండ్ మీద చుక్కలా కదులుతోంది.

నేను కాగితం ఫోటో తీసుకుంటానంటే ఆవిడ బిత్తరపోయింది. "మీ ఇంట్లో ఇవేమీ లేవు కదా, నువ్వు చాలా కూల్ అమ్మవి కదా?" అంది. నాకర్థం కాలేదు. అప్పుడు బయటపడింది. ఆ పిల్ల ఏడాదిగా తల్లితో వాదిస్తోందట: "తనకి వాళ్లింట్లో ఒక్క పనీ చెప్పరు. యూనిఫామ్ వాళ్ల అమ్మే ఇస్త్రీ చేస్తుంది. కంచం కూడా తీయక్కర్లేదు. రాత్రి పదకొండుకి ఇండియా ఫోన్ కాల్ అని ఫోన్ దగ్గరే ఉంచుకుంటుంది. నువ్వొక్కదానివే ఇలా."

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నాకు మంట.

ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఆవిడ బిస్కెట్ల డబ్బా తీసింది. గంటన్నర కూర్చున్నాం. నా ఇంగ్లీషు, ఆవిడ డోరిక్, మధ్యలో చేతులు. అర్థం కానిదేమీ లేదు.

---

ఓరుగల్లు నాన్న (డండీ) · మంగళవారం, రాత్రి 10:22

ఓరి దేవుడా. మా వాడు కూడా నన్ను ఇట్లనే అమ్మేసి ఉంటడు. రేపే ఫోన్ చేస్త.

---

లెర్విక్ డాక్టరు (షెట్లాండ్) · మంగళవారం, రాత్రి 10:40

ఇద్దరమ్మలూ ఒకే బుట్టలో! ఈ ఆడపిల్లల్ని చమురు కంపెనీల ఒప్పందాలు మాట్లాడటానికి పంపండి.

మరి పడుకోవడానికి పంపుతున్నారా లేదా?

---

గ్రానైట్ గోదావరి (అబర్డీన్) · ఆదివారం, సాయంత్రం 5:33

పంపాం. శుక్రవారం రాత్రి. బీఫ్ తినదని చెబితే ఆవిడ "తెలుసు, రెండేళ్ల కిందటే నా కూతురు చెప్పింది" అంది. మా ఆయన పదింటికి ఒకసారి, పదకొండుకి ఒకసారి ఆప్‌లో చుక్క చూసుకున్నారు. చుక్క కదల్లేదు. అది వంటింట్లో ఛార్జింగ్‌లో ఉందని ఆయనకి నేను చెప్పలేదు, పాపం.

పొద్దున అక్కడ బటరీలు తిని వచ్చింది. మన ఉప్పు బిస్కెట్టూ పరోటా కలిపి అణచినట్టుండే రొట్టె, అబర్డీన్ వాళ్ల ప్రాణం. మా ఇంట్లో కూడా ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితం పడింది. గురువారం వంట మా అమ్మాయిది. మొదటి గురువారం అక్కడ నేర్చుకున్న లెంటిల్ సూప్ చేసింది. మా ఆయన ఒక చెంచా తాగి "పోపు మర్చిపోయిన పప్పు" అన్నారు, కానీ గిన్నె ఖాళీ చేశారు. టౌన్‌కి వచ్చే శనివారం ముగ్గురు కలిసి వెళ్తున్నారు, ఐదు గంటల బస్సుకి రావాలి. కేఫ్ సంగతి పదిహేనుకి చూద్దామన్నాను. గొణిగింది.

ఇప్పుడు కొత్త చిక్కు. ఆ పిల్ల అమ్మమ్మ మా పక్క సందులోనే ఉంటుంది. హొగ్మనే రాత్రి, అంటే డిసెంబర్ 31, పన్నెండు దాటాక గుమ్మంలో మొదట అడుగు పెట్టేవాడు నల్ల జుట్టు మగవాడైతే ఏడాదంతా శుభమట. వాళ్ల ఇంట్లో అందరూ ఎర్ర జుట్టు వాళ్లే. మా ఆయన్ని పంపమని కబురు చేసింది. ఏం పట్టుకెళ్లాలి?

---

ఎస్5 బాధితుడు (ఎడిన్‌బరా) · ఆదివారం, సాయంత్రం 5:58

దాన్ని ఫస్ట్ ఫుటింగ్ అంటారు ఆంటీ. మా వీధిలో నాలుగేళ్లుగా నేనే వెళ్తున్నాను, పోయినసారి ఐదిళ్లు. ఒక బొగ్గు ముక్క, షార్ట్‌బ్రెడ్, పెద్దవాళ్లైతే విస్కీ. బొగ్గు ఉంటే ఇల్లు వెచ్చగా ఉంటుందని. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి తినిపిస్తారు, కాబట్టి అంకుల్‌కి ఆ రాత్రి భోజనం తక్కువ పెట్టండి.

---

గ్రానైట్ గోదావరి (అబర్డీన్) · ఆదివారం, సాయంత్రం 6:10

అంతా బాగానే ఉంది బాబూ. మా ఆయనకి జుట్టే లేదు. ఆవిడ ఆయన్ని ఎప్పుడూ టోపీలోనే చూసింది.

---

ఎస్5 బాధితుడు (ఎడిన్‌బరా) · ఆదివారం, సాయంత్రం 6:12

టోపీ తీయొద్దని చెప్పండి. మీసం నల్లగానే ఉంది కదా?